చోడి ఇడ్లీ రాయైంది, నింద నా మీద పడింది

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక గృహిణి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇది.

వాళ్ళ మామగారు ముప్ఫై ఏళ్ళుగా టిఫిన్ హోటల్ నడుపుతున్నారు. ఇడ్లీ, పూరీ, ఉప్మా, అట్టు, ఒడియా వాళ్ళ కోసం బరా (వడ), ఘుగుని (బఠాణీ కూర). పొద్దున ఆరింటికి తెరుస్తారు, పదిన్నరకి గిన్నెలు కడిగేస్తారు. పిండి రుబ్బడం, ఇడ్లీ వేయడం ఈ కోడలి పని. భర్త గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు. మూడు నెలల క్రితం మరిది బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చారు. హోటల్‌ని మిల్లెట్ కేఫ్‌గా మార్చాలంటారు. 22 రకాలతో మెనూ కూడా రాసిపెట్టారు: చోడి (రాగి) ఇడ్లీ, సామల అట్టు, గంటెల (సజ్జల) పిజ్జా, క్వినోవా అనే విదేశీ గింజల గిన్నె, ఇంకా చాలా. ప్రయోగంగా రెండు వారాలు చోడి ఇడ్లీ పెట్టారు. మామూలుగా అమ్ముడయ్యే 120 ప్లేట్ల ఇడ్లీలో 40 తగ్గించి, వాటి బదులు చోడి ఇడ్లీ వేశారు. రోజుకి 18 ప్లేట్లు పోయాయి, 22 పారేశారు. ఎనిమిదింటికల్లా తెల్ల ఇడ్లీ అయిపోయి, పాత గిరాకీలు వెనక్కి వెళ్ళారు. ‘‘చోళ్ళు కూలిజనం తిండి, దాన్ని యాభై రూపాయలకి అమ్ముతారా’’ అని మామగారు కోప్పడ్డారు. ‘‘వదినకి చెయ్యడం రాలేదు’’ అని మరిది. ఇప్పుడు కొత్త ఫర్నిచర్, పొయ్యిలు, బోర్డుల కోసం మూడు లక్షలు కావాలట. ఆమె పుట్టింటివారు పెట్టిన ఆరు తులాల బంగారం బ్యాంకులో పెడదామంటున్నారు. భర్త ఏమీ మాట్లాడటం లేదు. ‘‘కాదంటే ఇల్లు చెడుతుంది, అవునంటే నా గొలుసు పోతుంది. ఈ మిల్లెట్ల మోజు నిలిచేదేనా? ఇడ్లీ ఎందుకు రాయయింది? సోడా వేయొచ్చా?’’ అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు ముడులు ఒకదాన్నొకటి లాగుతున్నాయి. పిండి ఒకటి, మెనూ ఒకటి, బంగారం ఒకటి. ఇంట్లో అందరూ మూడిటినీ కలిపి ఒకే మాటగా వాదిస్తున్నారు గనక ఎవరూ ఎవరి మాటా వినడం లేదు. పిండితో మొదలుపెడదాం. అది మీ చేతిలో ఉన్నది, పైగా మీ మీద పడిన నింద దానిదే.

మీరు రాసిన కొలత చూశాను. మినపగుళ్ళు ఒక వంతు, చోడిపిండి మూడు వంతులు, రవ్వ అసలు లేదు. మినుములు ఖరీదని తగ్గించమన్నది మరిదిగారే. ఈ కొలతతో ఎవరు వేసినా ఇడ్లీ గట్టిగానే వస్తుంది. ఇడ్లీ మెత్తగా ఉండేది మినప్పిండి నురగలో చిక్కుకున్న గాలి వల్ల. బియ్యపు రవ్వ పలుకులు ఆ నురగ మధ్య అక్కడక్కడ నిలబడి, ఆవిరి వెళ్ళడానికి దారి ఇస్తాయి. చోడిపిండి పొట్టుతో సహా మెత్తగా పొడి అయిన పిండి. నురగ మధ్య దారి వదలదు, ముద్దలా సర్దుకుంటుంది, నీళ్ళూ ఎక్కువ పీల్చుకుంటుంది. పైగా ఉడికిన పిండిపదార్థం చల్లారేకొద్దీ మళ్ళీ బిగుసుకుంటుంది. రాత్రి మిగిలిన అన్నం పొద్దునకి పలుకుబారేది ఇందుకే. మీరు ఐదున్నరకి 40 ప్లేట్లూ ఒకేసారి దించి తొమ్మిది దాకా డబ్బాలో ఉంచానన్నారు. ఆరింటికి తిన్నవాళ్ళు బాగుందన్నారనీ, ఎనిమిదిన్నరకి వచ్చినవాళ్ళు ముఖం చిట్లించారనీ మీరే రాశారు. చేతకానితనం అయితే ఆరింటికి కూడా బాగుండేది కాదు కదా.

20 ప్లేట్లకి, ప్లేటుకి మూడు ఇడ్లీల చొప్పున, ఈ కొలత పెట్టి చూడండి. మినపగుళ్ళు 500 గ్రాములు, ఇడ్లీ రవ్వ 600, చోడిపిండి 400, మందపాటి అటుకులు 80, మెంతులు ఒక చెంచా, ఉప్పు 30 గ్రాములు. మినుములూ మెంతులూ కలిపి నాలుగు గంటలు నానబెట్టండి. అటుకులకి ఇరవై నిమిషాలు చాలు. గ్రైండర్‌లో చల్లటి నీళ్ళు కొద్దికొద్దిగా చేరుస్తూ అరగంట పైగా రుబ్బండి, మొత్తం ముప్పావు లీటరు దాకా పడతాయి. నీళ్ళు ఒక్కసారే పోస్తే గింజ జారిపోతుంది, నురగ కట్టదు. గిన్నెడు నీళ్ళలో చుక్క వేస్తే తేలాలి. మునిగితే ఇంకో ఐదు నిమిషాలు తిరగనివ్వండి. ఆఖర్న అటుకులు వేసి తిప్పి తీసేయండి. రవ్వ కడిగి నీళ్ళు గట్టిగా పిండాలి. చోడిపిండిని జల్లించి, అరలీటరు నీళ్ళతో ఉండలు లేకుండా కలిపి ఇరవై నిమిషాలు పక్కన పెట్టాలి. అది తాగే నీళ్ళు ముందే తాగేస్తే తర్వాత పొంగిన పిండిని లాక్కోదు. అప్పుడు అన్నీ చేత్తో కలపండి. పాత్ర సగానికే నింపండి.

చోళ్ళు కలిసిన పిండి తెల్ల పిండి కంటే తొందరగా పులుస్తుంది. వేసవిలో రాత్రి తొమ్మిదికి కలిపితే తెల్లవారి ఐదుకి పొంగి, కుంగి, పుల్లగా అయి ఉంటుంది. కుంగిన పిండితో వేసిన ఇడ్లీ మధ్యలో పల్లం పడి బరువుగా వస్తుంది. మే నెలలో ఆరేడు గంటలు చాలు, పదకొండింటికి కలపండి. డిసెంబరు చలిలో పన్నెండు గంటలు దాటినా ఆశ్చర్యం లేదు. అర్ధరాత్రి దాకా మేలుకోవడం కష్టమైతే మరో దారి ఉంది. చోడిపిండి జావని రాత్రి విడిగా పెట్టి, పొద్దున ఎన్ని ప్లేట్లు కావాలో అంతకే మీ మామూలు ఇడ్లీ పిండిలో కలిపి, అరగంట ఆగి వేయండి. కాస్త తక్కువ పొంగుతుంది. కానీ మిగిలిపోతుందన్న భయం ఉండదు, మీ హోటల్‌కి అది పెద్ద సుఖం. ఇలా చేసేటట్టయితే మామూలు పిండిలో కిలో రవ్వకి అరకిలో మినుములు వేసేచోట ఆరువందల గ్రాములు వేయండి.

పదీ పన్నెండు నిమిషాలు ఆవిరి, దించాక మూడు నిమిషాలు ఆగి తీయడం మీకు తెలిసిందే. 20 ప్లేట్లూ ఒకేసారి మాత్రం వేయకండి. ఆరున్నరకి ఒక వాయి, ఏడున్నరకి ఒకటి, ఎనిమిదిన్నరకి ఒకటి. చోడి ఇడ్లీ దింపిన గంటలోపు తినాల్సిన సరుకు.

సామల అట్టు విరిగిపోతోందన్నారు. సామలు కనీసం ఆరు గంటలు నానాలి, మినుములతో పాటు నాలుగు గంటలకే రుబ్బితే పలుకు మిగిలి అట్టు చీలుతుంది. మూడు గ్లాసుల సామలకి ఒక గ్లాసు బియ్యం, గ్లాసున్నర మినుములు, గుప్పెడు శనగపప్పు వేస్తే పెనం మీద పట్టు ఉంటుంది, రంగూ వస్తుంది. హోటల్ పెనం బాగా కాగి ఉంటుంది, నీళ్ళు చిలకరించి తుడిచాకే పిండి వేయండి. చోడి అట్టు విషయంలో ఇంకో తికమక ఉంది. పిండే నల్లగా ఉంటుంది కాబట్టి రంగు చూసి తీయలేరు, అంచు తనంతట తను లేచిందా అని చూడాలి.

ఇక మెనూ. ఈ మోజు నిలుస్తుందా అన్నారు. సగం నిలుస్తుంది. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక నగరాల్లో ప్రతి కేఫ్ బోర్డు మీదా మిల్లెట్ అన్న మాట ఎక్కింది. ఆ హడావుడి తగ్గేదే. అయితే మీ జిల్లాల్లో కథ వేరు. ఒడిశా ప్రభుత్వం మిల్లెట్ మిషన్ మొదలుపెట్టింది 2017లో. రైతుల దగ్గర చోళ్ళు మద్దతు ధరకి కొంటున్నారు. 2025-26కి ఆ ధర క్వింటాలుకి 4,886 రూపాయలు, మామూలు వడ్లకి 2,369. కొన్నిచోట్ల స్వయం సహాయక సంఘాల మహిళలే ఈ టిఫిన్లు వండి అమ్ముతున్నారు. మీ పక్కనున్న కొరాపుట్ సంప్రదాయ సేద్యానికి 2012లోనే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ గుర్తింపు వచ్చింది. నియమగిరి కొండవాలుల్లో డోంగ్రియా కోందు గిరిజనులు చోళ్ళూ సామలూ కలిపి పండించడం బెంగళూరు కేఫ్‌లు పుట్టక ముందు సంగతి. మీ ఊరి చుట్టూ పొద్దున్నే మాండియా (చోళ్ళ) జావ తాగి పనికి వెళ్ళేవాళ్ళని అడిగితే, ట్రెండ్ అంటే ఏమిటని అడుగుతారు. సామలు పక్క కొండ మీద పండుతుంటే మరిదిగారు క్వినోవా తెప్పిస్తాననడం నాకు మింగుడుపడలేదు.

మీ మామగారి మాటలో మొండితనం ఒక్కటే చూడకండి. ఆయన తరానికి చోడి అంబలి అంటే లేమి, వరి అన్నం అంటే గట్టెక్కడం. తను దాటి వచ్చిన దాన్ని కొడుకు కొత్త వస్తువని బోర్డు కడుతుంటే నొచ్చుకుంటారు. దానికి తోడు ఆయన గిరాకీ లెక్క సరైనదే. మీ హోటల్‌కి పొద్దున వచ్చేది పేపరు మిల్లు షిఫ్టు వాళ్ళు, బస్సు డ్రైవర్లు, హాస్టల్ పిల్లలు. వాళ్ళకి కావలసింది ముప్ఫై రూపాయలకి కడుపు నిండటం, ఐదు నిమిషాల్లో లేవడం. మరిదిగారి గిరాకీ వేరు: నడకకి వెళ్ళొచ్చే పెద్దవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు, ఇంటికి పార్సెల్ తీసుకెళ్ళే ఉద్యోగస్తులు, ఆదివారాలు మజ్జిగౌరి అమ్మవారి దర్శనానికి విజయనగరం వైపు నుంచి వచ్చే జనం. ఒకరి నోటి దగ్గరిది తీసి ఇంకొకరికి పెట్టడం వల్లే మొన్న తగువైంది.

మీరు రాసిన అంకెలతోనే లెక్క వేశాను. తెల్ల ఇడ్లీ ప్లేటు 30, సరుకు ఖర్చు 11. చోడి ఇడ్లీ 50, ఖర్చు 14. ఆ 40 ప్లేట్లూ తెల్ల ఇడ్లీ అయితే రోజుకి 760 మిగిలేది. 40 చోడి ప్లేట్లు వేసి 18 అమ్మితే 900 వచ్చి, 560 ఖర్చు పోయి, 340 మిగిలింది. నష్టం 420. సమానం కావాలంటే 40లో 27 అమ్ముడుపోవాలి. కానీ అదే 18 ప్లేట్ల గిరాకీకి 20 మాత్రమే వేసి, తక్కిన 20 తెల్ల ఇడ్లీకి వదిలేసి ఉంటే? చోడి మీద 620, తెల్ల ఇడ్లీ మీద 380, కలిపి వెయ్యి. ఏమీ మార్చకుండా ఉన్నదానికంటే 240 ఎక్కువ. చోడి ఇడ్లీ పోలేదని మామగారూ, పోయిందని మరిదిగారూ వాదిస్తున్నారు గానీ, అది పోయింది. ఎక్కువ వేశారు, అంతే. ఈ కాగితం ఇద్దరి ముందూ పెట్టండి.

ఇక్కడి నుంచి మీకు కనిపిస్తున్న దారులు ఇవి. పాత హోటల్ అలాగే ఉంచి, రోజూ 20 ప్లేట్ల చోడి ఇడ్లీ, దానికి తోడు సామల ఉప్మా పెట్టడం ఒకటి. ఉప్మాకి పులియబెట్టే పని లేదు. కడిగి అరగంట నానబెట్టిన సామలు గ్లాసుకి రెండుంపావు నీళ్ళు, సన్నని సెగ, దించాక మూతపెట్టి పది నిమిషాలు. చల్లారితే పొడిపొడిగా ఎండిపోతుంది కాబట్టి రెండు కిలోలు ఒకేసారి వండొద్దు, అరకిలో చొప్పున వండండి. ఈ దారిలో పెట్టుబడి దాదాపు లేదు. అయితే ‘‘కేఫ్’’ కల తీరదు, మరిదిగారి ముఖం చిన్నబోతుంది. అది మీరు భరించాల్సి రావచ్చు.

రెండోది, పొద్దున హోటల్ మామగారిది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు అదే చోటు మరిదిగారిది. పొయ్యిలు, బల్లలు ఉన్నవే. ఆయన మెనూ 22 నుంచి ఐదుకి తగ్గాలి. గంటెల పిజ్జా మాట మరిచిపొమ్మనండి. సజ్జల్లో, అదే మన గంటెల్లో, కొవ్వు ఎక్కువ, ఆడించిన పిండి కొద్ది రోజుల్లోనే చేదెక్కుతుంది. చోడిపిండికి ఆ బాధ తక్కువ. ఈ దారిలో చిక్కు మీరే. పొద్దున నాలుగింటికి లేచి ఇడ్లీ వేసే మనిషి సాయంత్రం కూడా పొయ్యి దగ్గర నిలబడాలా? ఒప్పుకునే ముందే తేల్చండి: సాయంత్రం వంటకి మరిదిగారు తనే నిలబడతారు, లేదా జీతం ఇచ్చి మనిషిని పెట్టుకుంటారు. ఆ జీతం లెక్కలో వేశాక కూడా మిగిలితే అది వ్యాపారం.

మూడోది, మొత్తం మార్చేయడం. కొన్ని ఊళ్ళలో చెల్లుతుంది. మీ దగ్గర రోజుకి 120 ప్లేట్లు తీసుకునే నమ్మకమైన గిరాకీని వదులుకుని 18 మందితో మొదలుపెట్టడమవుతుంది. ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉంటే తప్ప నేనైతే ఇటు చూడను.

వేసవిలో మాత్రమే పనికొచ్చే చిన్న దారి ఒకటుంది, నాకు అన్నిటికంటే అదే నచ్చింది: అంబలి. వంద గ్రాముల చోడిపిండిని రాత్రి 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి పులవనివ్వండి. పొద్దున గుప్పెడు నూకలు లీటరు నీళ్ళలో ఉడికాక, ఈ పిండి పోసి, సన్నని సెగ మీద పావుగంట కలుపుతూ ఉడికించండి. పూర్తిగా చల్లారాకే మజ్జిగ. వేడి మీద పోస్తే విరుగుతుంది. ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. గ్లాసు ఇరవై రూపాయలకి ఇచ్చినా మిగులు బాగుంటుంది. మజ్జిగ కలిపింది ఆ పూటే అయిపోవాలి, సాయంత్రానికి ఉంచకండి. మామగారిని కొలత అడిగి చేయండి. చోడి అంబలి రుచి ఆ ఇంట్లో ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు? చిన్నతనంగా అనిపించినది ఆయన చేతి మీదుగానే గల్లాపెట్టెకి వస్తే మాట మారొచ్చు, మారకపోవచ్చు కూడా.

సరుకు సంగతి ఒక్క మాట. చాటికొన బుధవారం సంతలో చోళ్ళు చవకని మూటలు కొనే ముందు గుర్తుంచుకోండి. చోళ్ళలో ఇసుక, చిన్న రాళ్ళు ఉంటాయి, మూడు నాలుగుసార్లు గాలించి, ఎండలో బాగా ఆరబెట్టి ఆడించాలి. తడి మిగిలితే పిండి ముక్కిపోతుంది. మిల్లులో కారం ఆడించిన వెంటనే ఇవ్వకండి. సామలకైతే పొట్టు తీయించాలి, కిలో గింజకి మూడింట రెండు వంతులే చేతికొస్తుందనుకుని ధర లెక్క వేసుకోండి. కొరాపుట్ కాలాజీరా అనే సువాసన బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మరిదిగారు దాన్ని ఇడ్లీలో వేద్దామన్నారు కదా, వద్దు. ఆ సువాసన పులిసిన పిండిలో నిలవదు. ఆదివారం పరమాన్నం చేస్తే డబ్బుకి తగిన ఫలం. బోర్డు మీద ‘‘షుగర్ తగ్గించే ఇడ్లీ’’ అని మాత్రం రాయనివ్వకండి. 2018 ఆహార ప్రకటనల నిబంధనలు తిండి రోగం నయం చేస్తుందని చెప్పుకోవడాన్ని ఒప్పవు. పైగా అది నిజం కాదు. మెత్తగా ఆడించిన చోడిపిండి కూడా రక్తంలో చక్కెరని పెంచుతుంది. కాల్షియం ఎక్కువని రాసుకోండి, అది నిజం.

ఇప్పుడు బంగారం. పుట్టింటివారు పెట్టిన నగలు స్త్రీధనం, చట్టప్రకారం పూర్తిగా మీవి. సుప్రీంకోర్టు 1985లోనే ఈ మాట తేల్చి చెప్పింది. అంటే మీరు ఇవ్వకూడదని కాదు, అడిగి తీసుకోవలసినది, తీసుకుంటే తిరిగి ఇవ్వవలసినది అని. మీరు ఇద్దామనుకుంటే లెక్క చూడండి. మూడు లక్షలకి నెలకి నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా మొదటి నెల 3,000, అసలు 36 నెలల్లో తీర్చాలంటే ఇంకో 8,300. చోడి ఇడ్లీ మీద రోజుకి 240 చొప్పున 26 రోజులకి వచ్చేది 6,240. చాలదు. చాలనప్పుడు కట్టేది పాత హోటల్ ఆదాయం, అంటే మామగారి కష్టం. కట్టలేకపోతే వేలానికి వెళ్ళేది మీ గొలుసు.

సూటిగా కాదనడం కష్టమైతే ‘‘మూడు నెలలు సాయంత్రం నడిపి, రోజూ లెక్క రాసి చూపించు, అప్పుడు మాట్లాడదాం’’ అనండి. ఈలోగా పెట్టుబడికి ముద్ర రుణం, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్రం పెట్టిన పథకం కింద బ్యాంకు ఇచ్చే అప్పు, అడగమనండి. శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద ఐదు లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. బ్యాంకు మేనేజరు అడిగే ప్రశ్నలకి మరిదిగారి దగ్గర జవాబులుంటే మీకూ ధైర్యం వస్తుంది. ఇవ్వాలనే నిశ్చయిస్తే, రుణం మీ పేరు మీదే తీసుకుని రసీదు మీ దగ్గరే ఉంచుకోండి. ఎవరు నెలకి ఎంత కట్టాలో ఇంటిల్లిపాదీ సంతకం చేసిన కాగితం ఉండాలి. ఇక మీ భర్తగారి మౌనం. అందరి ముందూ అడిగితే తండ్రికీ తమ్ముడికీ మధ్య నలిగి ఆయన ఇంకా ముడుచుకుంటారు. రాత్రి ఈ లెక్కల కాగితంతో ఒక్కరినే అడగండి. ‘‘నాకు అండగా ఉంటావా’’ అన్నదానికి జవాబు చెప్పడం ఆయనకి కష్టం. ‘‘నెలకి పదకొండు వేలు ఎక్కడి నుంచి కడదాం’’ అన్నదానికి చెప్పక తప్పదు.

సోడా అడిగారు. పొంగని పిండికి రుబ్బు కిలోకి చిటికెడు వేస్తే ఆ పూటకి గండం గడుస్తుంది. కానీ చోడి ఇడ్లీ రంగు ఇంకా నల్లబడుతుంది, కాస్త ఎక్కువైతే సబ్బు వాసన వస్తుంది, చల్లారాక గట్టిపడటం మాత్రం ఆగదు. ఆ రోజు పిండి పొంగకపోతే అట్టుగా పోసేయండి, ఇడ్లీ లేదని పలక మీద రాసేయండి.